వాల్వుల డబ్బా

నరసరావుపేట,
ఆగస్టు 1964.

ప్రియమైన అన్నయ్యకు,

ప్రభువు దయవల్ల అమ్మా నేనూ ప్రాణాలతో ఉన్నాం. బొంబాయి రేవులో నీ పని, నీ ఆరోగ్యం బాగున్నాయని తలుస్తాను. నీ పెళ్లి ఎందుకు వాయిదా వేశారనీ, నువ్వు పంపిన రికార్డు ప్లేయరుకు ప్రీయాంప్లిఫయరు ఏది తీసుకున్నాననీ అడిగావు. రెండింటికీ జవాబు ఒకటే. అందుకే ఇంతకాలం రాయలేకపోయాను.

నువ్వు వద్దన్నా దాన్ని ముందు రేడియోకే తగిలించాను. దోమ పాడినట్టుంది. బడి లేని రోజు చూసి, ప్లేయరును రిక్షాలో నూర్ మొహమ్మద్ గారి రేడియో కొట్టుకు తీసుకెళ్లాను.

"రికార్డు మీద పాట గీతలు కోసేటప్పుడు బొంగురు గొంతును తగ్గించి, సన్న గొంతును పెంచి కోస్తారు టీచరమ్మా. దాన్ని మళ్లీ సమం చేసి, పెద్దది చేసి రేడియోకి అందియ్యాల. ఆ పనికే ఈ డబ్బా" అన్నాడాయన. రెండు డబ్బాలు ముందు పెట్టాడు. ఒకటి గుంటూరు నుంచి తెప్పించిన ట్రాన్సిస్టర్లది, బ్యాటరీతో నడుస్తుంది. రెండోది ఆయన స్వయంగా కట్టిన గాజుబుడ్ల వాల్వులది, ఇటుకంత బరువు.

మొదటిదాంట్లో మన చర్చి కీర్తనలు శుభ్రంగానే వినిపించాయి కానీ, పాడేవాళ్ల గొంతుల్లో లోతు లేదు. వెనక సన్నగా బుసకొట్టింది. వాల్వుల డబ్బా మొదట గుయ్యిమంది. ఆయన ఎర్త్ తీగ బిగించగానే ఆ మోత పోయి, మగవాళ్ల గొంతులు గుండెల్లో పలికాయి. బాగా వినాలని సౌండు పెంచమన్నాను. అందుకే బజార్లో అరుపులు మాకు వినపడలేదు.

మాచవరం సుందరరావు కోర్టు వాయిదాకు వచ్చాడట. పంచాయతీ ఎన్నికల్లో అతనికీ అవతలి పార్టీకీ తగాదా నీకు తెలిసిందే. కొట్లోకి పరిగెత్తుకొచ్చి బల్లకింద దూరబోయాడు. వెనకే వేటకొడవళ్లతో ఇద్దరు. ముందున్నవాడు ఆనందరావు. అవును అన్నయ్యా, నువ్వు చేసుకోబోయే దయామణికి అన్న. మీ ప్రధానం రోజు మన ఇంట్లో భోంచేసిన మనిషి.

"అడ్డం లెగు సాయిబూ!" అన్నాడు ఆనందరావు.

"నా కొట్లో వద్దురా నాయనా!" అంటూ నూర్ మొహమ్మద్ గారు కొడవలి పట్టుకోబోయాడు. ఆయన ఎడమచేతి వేళ్లు రెండు తెగి బల్లమీద పడ్డాయి. తర్వాత సుందరరావు మెడమీద, భుజంమీద, మళ్లీ మెడమీద నరికారు. నెత్తురు గోడకు చిమ్మింది. రికార్డు తిరుగుతూనే ఉంది. అతను "నీళ్లు" అన్నాడు. అంతే.

నేను వాల్వుల డబ్బాను తీగలతో సహా లాగి ఆనందరావు మొహాన కొట్టాను. కాలుతున్న గాజు పగిలి అతని కంట్లోనూ, నా అరచేతిలోనూ దిగింది. ఆ కన్ను పోయింది. రెండోవాడు పారిపోయాడు. పోలీసులు అడిగితే నేను చూసింది చెప్పాను, పేర్లతో సహా.

ఆసుపత్రిలో నూర్ మొహమ్మద్ గారు కట్టు కట్టిన చేత్తో పడుకుని, "ఏది బాగుందో చెప్పనే లేదు గదమ్మా" అన్నాడు. వాల్వులదే అన్నాను. "మళ్లీ కడతా" అన్నాడు. పక్కనున్న ఆయన భార్య ఖాతూన్ బీ కొంగుతో మొహం కప్పుకుంది.

నిన్న దయామణి వచ్చింది. ఒక చెంప వాచి ఉంది. వాళ్ల బాబాయి ధనుంజయరావు వీధిలో నిలబడ్డాడు.

"మా నాయన చెప్పి రమ్మన్నది చెప్తన్నా, విను వదినా. కోర్టులో నువ్వు చూళ్లేదంటే పెళ్లి జరుగుద్ది. చూశానంటే నిన్నూ అత్తనూ నరుకుతారు" అన్నది. లేచి తలుపు గడియ పెట్టింది. "ఇప్పుడు నా మాట. చూసింది చెప్పు. చేతికి ఏది దొరికితే దాంతో నన్ను కొట్టాడు మా అన్న, చిన్నప్పటి నుంచీ. ఏందిరా ఇది అని అడిగినోడు లేడు. నేనింక ఆ ఇంటికి పోను."

ధనుంజయరావు తలుపు తన్ని, గడియ ఊడగొట్టి లోపలికొచ్చాడు. దయామణి జుట్టు పట్టి గుమ్మం దాకా ఈడ్చాడు. కోడిని కూడా కొయ్యలేని మన అమ్మ రోకలి తెచ్చి అతని మణికట్టుమీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. "మా కోడలి మీద చెయ్యేస్తావంట్రా!" అని అమ్మ మళ్లీ ఎత్తేసరికి వీధంతా పోగయ్యింది. "కోర్టు దాకా ఎట్టా నడుస్తారో చూస్తా" అంటూ అతను పోయాడు.

ఇంకొక మాట, అన్నయ్యా. ప్రాణభయంతో కొట్టానని పోలీసులకు చెప్పాను. అది నిజం కాదు. అప్పటికే ఆనందరావు కొడవలి దించి వెళ్లటానికి తిరిగాడు. పేరు పెట్టి పిలిచాను. ఇటు చూసినప్పుడు కొట్టాను. కిందపడ్డాక మళ్లీ కొట్టాను. చంపాలనే కొట్టాను. కోర్టులో ఇదీ చెప్తాను.

ఈ సంగతి దయామణికి పొద్దున చెప్పాను. చీపురు తీసి గుమ్మం దగ్గర ఊడిన చెక్కపేళ్లన్నీ ఊడ్చింది. ఎంత చెడ్డా తోడబుట్టినవాడు కదా. తర్వాత నా అరచెయ్యి తిప్పి, వాచిన చోట వేలితో నొక్కి చూసి, "గాజుపెంకు ఇంకా లోపలే ఉంది. సూది తే వదినా" అన్నది.

సెలవు దొరికినా దొరక్కపోయినా బయలుదేరు. తిన్నగా ఇంటికే రా.

ఇట్లు,
నీ రాక కోసం చూసే చెల్లెలు
కరుణమ్మ