కాలెట్లు తెచ్చానన్నయ్యా

9 జూలై 1967. మబ్బు పట్టింది, చినుకు లేదు. పొద్దున్నే ఇనుము తరిమే లేతు మిషను తుడిచి నూనె రాశాను.

అన్నయ్యా, నిన్న మన వలస రైతుల క్యాంపు నుంచి రాయచూరు వెళ్లి కాలెట్లు తెచ్చాను. కడ్డీని చుట్టూ బిగించి పట్టే ఆ చిన్న గొట్టాలే. మిషను సామాన్ల కొట్టాయన నవ్వాడు.

"ఏందన్నా, మూడు దవడల చక్కు ఒక్కటుంటే అన్ని సైజులు పడ్తది. గివి సైజుకొకటి గావాలె. ఎవరు చెప్పిన్రు నీకు?"

ఇవి తెద్దామని నేనన్నప్పుడు అచ్చం నువ్వన్న మాటే. పంపు పిన్నులకు రోజూ వాడే నాలుగు సైజులు అడిగి, ఒక్కోదాంట్లో కడ్డీ దూర్చి చూశాను. మూతి దగ్గర మాత్రమే పట్టేవాటిని పక్కన పెట్టేశాను.

నువ్వు పోయాక వదిన లేతు తిప్పనివ్వలేదు. "ఆ దవడలది విప్పేస్తేనే తిప్పండి మరిదిగారూ, లేదా మిషను అమ్మేయండి" అంది.

కండువా తీసి మేకుకు తగిలించమని నీకెన్నిసార్లు చెప్పాను? "భుజం మీద గుడ్డ లేకుండా మన క్యాంపులో ఎవడైనా నిలబడతాడట్రా?" అనేవాడివి. మిషనుకు నీ పరువు తెలుసా? తిరిగే దవడ కండువా అంచు పట్టి నిన్ను లాగాక, మిషను ఆపడానికి నేను బెల్టు జార్చేలోపే అంతా అయిపోయింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఇవాళ ఆ దవడల చక్కు విప్పి కాలెట్ బిగించి తిప్పాను. నున్నగా తిరిగింది. బయటికి పొడుచుకొచ్చేదేమీ లేదు. వదిన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఇది అప్పుడూ దొరికేదా?" అని అడిగింది.

నువ్వు చెప్పవలసిన జవాబది. ఆవిడ అక్కడే నిలబడి ఉండగా మొదటి పిన్ను తీసి, తుడిచి ఆవిడ చేతిలో పెట్టాను.