నీలిమందు నీళ్ల వెంట

బిలాస్‌పూర్,
నవంబరు 1994

అప్పా,

నీ కాళ్లకి నీ చెల్లి దండం. నేను ఎన్నికల్లో నిలబడుతున్నానంటే నవ్వుతావేమో, నవ్వు. ఈసారి మా వార్డు ఆడవాళ్లకి వచ్చింది. రిటైరైన గార్డు విశ్వనాథం గారు ఆదివారాలు మా రైల్వే కాలనీ తెలుగు ఆడవాళ్లని కూర్చోబెట్టి, మైకు ముందు ఎలా నిలబడాలో, ఎలా మాట్లాడాలో నేర్పుతున్నారు. అందరిలోకీ నన్నే ఎంచారు. పెళ్లినాడు కూడా నాకంత సంబరం లేదు.

తరవాత టీ తెస్తూ విన్నాను. "చిన్నమ్మయితే నోరెత్తదు. పనంతా మొగుడు నూకరాజు సూసుకుంటాడు" అంటున్నారు విశ్వనాథం గారు. నీ మరిది తల ఊపుతున్నాడు. ఒళ్లు మండిపోయింది. గ్లాసులు మనవే కదాని పగలగొట్టలేదు.

నోరెత్తను సరే, కళ్లెందుకు మూసుకోవాలి? ఇక్కడ పైపు పగిలినా కాలవ పూడినా రైల్వే మనిషొచ్చి బాగుచేస్తాడు. మరి వార్డు మెంబరుకి పనేమిటి? ఇన్నేళ్లొచ్చినా మా పెరటి కాలవ ఎటు పోతుందో నాకు తెలీదు. మా ఆయన బనీన్లకి నీలిమందు పెట్టి, ఆ నీళ్లు పారబోసి, వాటి వెంటే నడిచాను. గోడ కన్నంలోంచి పట్టాల అవతల, మా వార్డులోదే అయిన బస్తీలోకి పోయి, ఒకామె గడప ముందు మడుగు కట్టాయి. ఆమె పేరు దుకల్హిన్.

"ఓటు కోసం వచ్చావా బహినీ? నీకంటే ముందు నీ నీళ్లొచ్చాయి" అంది హిందీలో. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదివారం క్లాసులో అడిగాను, ఆ నీళ్లకి దారేమిటని. "అవి మన ఓట్లు కావమ్మా" అన్నారు విశ్వనాథం గారు. మళ్లీ అడిగాను. అంతే, నన్ను తీసేసి పైడిరాజు భార్యని పెట్టారు. ఆమె నాకంటే నెమ్మదస్తురాలు.

అయినా నిలబడాలనుంది అప్పా. నీ మరిది నాతో మాట్లాడటం మానేశాడు. నాది తప్పా? వెంటనే రాయి.

నీ చెల్లి,
చిన్నమ్మి

బిలాస్‌పూర్,
డిసెంబరు 1994

అప్పా,

"తప్పేటే, నిలబడు" అని రాశావు. ఆ కార్డు పట్టుకునే వెళ్లి నామినేషన్ వేశాను. నన్ను బలపరుస్తూ వేసిన మొదటి వేలిముద్ర దుకల్హిన్‌ది. గెలుస్తానో లేదో తెలీదు. ఆయన ఒప్పుకున్నాడా అని అడిగావు. ఒప్పుకోలేదు.

నిన్న బట్టలుతికి, నీలిమందు నీళ్లు పారబోసి బస్తీకి వెళ్లాను. దుకల్హిన్ గుమ్మంలో కూర్చుని ఉంటే, రైల్వే షెడ్ డ్యూటీ దిగిన మనిషొకడు, బూట్లు చేత్తో పట్టుకుని, కాలవలోకి చూసుకుంటూ వస్తున్నాడు. నీ మరిదే! నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏటే, ఈ నీలం మనింటిదేనేటి?"

"మనదే."

వంగి ఆ మడుగులో వేలు ముంచి చూశాడు.

"అచ్ఛా... మరి ఇక్కణ్నించి ఎటు తిప్పాలే?"

నాకూ తెలీదు అప్పా. అదే చెప్పాను. బూట్లు ఆ గుమ్మంలోనే వదిలేసి, పల్లం ఎటుందో చూడ్డానికి నాకంటే ముందు నడిచాడు.

నీ
చిన్నమ్మి