రెండొద్దుల మందారం

నా కొడుకు కుమార్‌కు, అవ్వ సాలమ్మ దీవించి రాసేది. ఇక్కడ మీ బాపు, నేను, బర్రె, దూడ అందరం బతికే ఉన్నం. మంచిగున్నమని రాద్దామంటె చెయ్యి వస్తలేదు, అందుకే బతికున్నమని రాస్తున్న. ఆ మంచుకొండల మీద, మిలిట్రీ డ్యూటీల నువ్వు పానం జర మంచిగ చూస్కో.

నీ జాబు ముట్టింది. ఫోన్ ఉండంగ ఉత్తరమెందుకు అనుకోకు. ఫోన్ల మాట్లాడితె మీ బాపు పక్కనే కూసుంటడు. ఆయన ఇనకుంట నీకు చెప్పేదొకటున్నది. మూడో తరగతి చదువు, తప్పులుంటయ్, కూడబలుక్కొని చదువు.

ముందుగాల నువ్వు అడిగినయ్ చెప్త. బాపు మోకాళ్ళకు గోలీలు ఏస్కుంటుండు, రోజూ లొల్లి పెట్టినంకనే. నేను తింటున్ననా అని అడిగినవు. తింటున్న. కడుపుల కోపముంటె ఆకలి ఎక్కువైతది కొడుకా, ఇది నాకు నీ చెల్లె పింకీ పోయినంకనే తెలిసింది. ఆ జ్వరం నాలుగొద్దులల్ల ఇరవై మూడేండ్ల పిల్లను తీస్కపోయి ఆర్నెల్లైంది, నాకు నిన్ననే అయినట్టున్నది.

నర్సరీకి ఇంక పోతున్నవా, మానెయ్యరాదా అన్నవు. ఎందుకు మానాలె? రోజూ పోయి నీళ్ళు వడుతున్న. ఆడున్నయి పింకీ పెంచిన చెట్లు.

మొన్న ఐతారం బాపిరాజు సార్ నర్సరీల ఫంక్షన్ చేసిండు. సాఫ్ట్‌వేర్ నౌకరి ఇడిసి తోట పెట్టినప్పటి సంది ఇంత పెద్ద ఫంక్షన్ చెయ్యలే. షామియానా, కుర్చీలు, మోకిల విల్లాలకెళ్ళి కార్లు. మన పింకీ చేసిన కొత్త మందారాన్ని నడుమ బల్ల మీద పెట్టిండ్రు. అంచుకు పసుపు, లోపలికి పోయినకొద్ది వంకాయ రంగు. నువ్వు సెలవుకొచ్చినప్పుడు మొగ్గ మీదున్నది, పువ్వును చూడలే నువ్వు. లోకంల మందారం పొద్దుగాల పూసి పొద్దూకంగ ముడుసుకుంటది. ఇది రెండొద్దులు నిలవడ్తది. ఆ రెండో పొద్దు కోసమే పిల్ల నాలుగేండ్లు కష్టపడ్డది.

కుండీకి చీటీ కట్టిండ్రు. దాని మీద చెట్టు పేరు శ్రీయ. సార్ మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల. గౌను ఏస్కొని చెట్టు పక్కన ఫొటో దిగుతుంటె అందరు చప్పట్లు కొట్టిండ్రు. పసిపిల్ల మీద నాకేం కోపం లేదు. ఆ చప్పట్ల మీద ఉన్నది.

నీకు యాదికున్నదా, ఏడు కొట్టకముందే పింకీ తోటల ఉండేది. ఒక పువ్వు పుప్పొడి సన్న బ్రష్షుతోని తీసి ఇంకో పువ్వు నడుమ ఉండే ఐదు ఎర్ర చుక్కలకు అద్దేది. తొడిమెకు దారం కట్టి, దేని మీద దేనిది ఏసింది, ఏ తారీకు, అంత నోటుబుక్కుల రాసుకునేది. కాయ ఎండాలంటె రెండు నెలలు. గింజ మొలిచి పువ్వు కనవడాలంటె ఏడాదిన్నర. ఇన్నూరు మొలకలల్ల నూటతొంబై తొమ్మిది పెంటకుప్ప మీదికే. "నువ్వు పెండ్లి చేస్కోవే అంటె పువ్వులకు చేస్తున్నవా?" అని నేను తిడితె, "వీటికి అత్తలుండరే అవ్వా, సుకం," అని నవ్వేది. నాతోని నీళ్ళు వట్టే ఎంకమ్మ, "ఇంతకు పెండ్లికొడుకు ఎవడే?" అంటె, "మా పెరట్ల ఒంటిరెక్క ఎర్రమందారం. ముసలోడే గాని పానం గట్టిది," అన్నది. గట్ల నవ్వుకుంట చేసిన చెట్టది.

కార్లన్ని పోయినంక సార్ దగ్గరికి పోయిన.

"సార్, చీటీ మీద పేరు తప్పు పడ్డది," అన్న.

"తప్పేం లేదు సాలమ్మా. పాప పుట్టినరోజని..."

"ఆ చెట్టు నా బిడ్డ చేసింది."

"కాదన్నానా? పింకీ మా ఇంటి పిల్లే. కానీ కొత్త మొక్క పేరు రిజిస్ట్రేషన్‌కి కాగితం అడుగుతారమ్మా. తల్లి మొక్క ఏది, తండ్రి మొక్క ఏది, ఏ తేదీన చేశారు, అన్నీ రాసిన పుస్తకం కావాలి. మీ అబ్బాయేమో ఫోన్ చేసి, ఆ పుస్తకం నేను కాజేశానని, దొంగనని తిట్టాడు. ఒట్టు, నా దగ్గర లేదు. మీరు తెచ్చి చూపించండి, రేపే పింకీ అని మార్చేస్తాను."

"నాలుగేండ్లు నీ కండ్ల ముందట చేసింది గద సార్. నీ కండ్లు కాయితం కంటె తక్కువనా?"

"నేను చూశానంటే చాలదమ్మా."

"నువ్వు చూసింది చాలకపోతె, చెయ్యనే చెయ్యని పిల్ల పేరెట్ల చాలింది?"

చీటీ పీకి ఆయన బల్ల మీద పెట్టి ఇంటికొచ్చిన. తెల్లారి మళ్ళ కట్టిండు. మళ్ళ పీకిన. రోజు గిదే నడుస్తున్నది.

ఇగ నువ్వు అడిగిన ఆఖరి మాట. నోటుబుక్కు సార్ ఎప్పుడు తీసిండు, తీస్తుంటె ఎవరు చూసిండ్రు అని రాసినవు. ఆయన తియ్యలే కొడుకా. నీకు అబద్దం చెప్పిన.

పెండ్లి కాని పిల్ల, కాలవెట్టొద్దు, మట్టిల పెట్టాలె అన్నరు పెద్దమనుషులు. ఇష్టమైనయ్ తోడు పెట్టమన్నరు. దువ్వెన, గాజులు, నువ్వు తెచ్చిన స్వెట్టర్ పెట్టిన. నోటుబుక్కు తడుస్తదని పిల్ల ఎప్పుడు ప్లాస్టిక్ కవరుల చుట్టి పెట్టుకునేది. ఆ పొద్దు వాన పడుతుండె. కవరుతోనే తీసి నా చేతులతోని దాని తల కింద పెట్టిన, దిండు లెక్క. నువ్వు సెలవు దొరికి వచ్చేసరికి మూడొద్దులైంది, నీకేం తెలుస్తది. అది సాక్ష్యమైతదని నాకేం ఎరుక? సార్ చెట్టుకు వేరే పేరు పెడతడని తెలిసి నువ్వు మొదటిసారి నోటుబుక్కు అడిగిననాడు, నేనే పాతిపెట్టిన అని చెప్పబుద్ధి కాలే. సార్ తీస్కున్నడు అన్న. ఆయన మీద కోపం నిజం, దొంగతనం అబద్దం. రెంటిని కలిపి నీ చేతికిచ్చిన. దానికి నా మీద నాకే మండుతున్నది. ఆయనకు ఫోన్ చేసి దొంగ అన్న ఒక్క మాట వాపస్ తీస్కో. మిగిలిన తిట్లు ఉండనియ్.

ఐతారం నాడు మీ బాపుకు గూడ చెప్పిన. చెప్పుడే తప్పైంది. లేసి గడ్డపార తీసిండు. "కవరుల ఉన్నది గదనే, కరాబ్ కాదు. బిడ్డ పేరు నిలవడ్తది," అంటుండు. ఉత్త మాట కాదది. నాకు గూడ ఆశ పుడుతున్నది, అదే నా భయం. కవరు ఇప్పితె పింకీ రాత కండ్లకు కనవడ్తది. కాని పుస్తకం తియ్యాలంటె తల లేపాలె గద కొడుకా. ఎవరు లేపుతరు? మీ బాపు లేపుతడా? నేను లేపుతనా, కన్నదాన్ని?

పేరు పోతె పోనియ్ అని అంటలేను. చేతులల్ల బలమున్నంత కాలం చీటీ పీకుత. కొనేటోళ్ళను ఒక్కొక్కలను ఆపి, ఇది నా బిడ్డ పింకీ చేసింది అని చెప్త, సార్ ఎల్లగొడితె రోడ్డు మీద నిలవడి చెప్త. కాని దాని నిద్ర చెడగొట్టనియ్య.

మీ బాపు నా మాట ఇంటలేడు. "కుమార్ తవ్వమంటె తవ్వుత," అని కూసున్నడు. ఫోన్ల అడుగుతడు. నీకు గూడ సార్ మీద కోపమే గద, తవ్వు అంటవేమో. అనకు. తవ్వద్దని పెద్ద పెద్ద అక్షరాలు రాసి బాపు పేరు మీదనే పంపు. అందాంక గడ్డపార నా మంచం కిందున్నది, మంచం మీద నేనున్న.

ఇట్లు,
మీ ఇద్దరిని కన్న అవ్వ,
సాలమ్మ
హిమాయత్‌నగర్ గ్రామం