వాల్వుల మోత

కోకోమో,
మే 9

నా నడీన్‌కి,

మీ చెల్లి ఓపల్ రాసిన కార్డు అందింది. నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదని మండిపడుతున్నావట. ఎందుకు ఎత్తలేదో చెప్పడానికే ఈ ఉత్తరం. కానీ ముందు ఇంజను సంగతి రాస్తాను. అసలు విషయానికి రావడానికి నాకు కాస్త ధైర్యం కావాలి.

మన నోవా కారులో ఉన్న పాత స్మాల్ బ్లాకు ఇంజనులో, పిస్టన్లను ఆడించే క్రాంకు తీసేసి పెద్దది వేశాను. మా మెకానిక్కులు దీన్ని స్ట్రోకరు అంటారు. పిస్టన్లు ఇదివరకటికంటే ఎక్కువ దూరం ఆడతాయి కాబట్టి, రాడ్లు తగలకుండా బ్లాకు అడుగున రెండు రోజులు అరగదీశాను. ఇది పందేలకు కాదు. వాల్వుల్ని తెరిచే క్యామ్ కూడా నెమ్మదైనదే ఎంచాను. ఎర్రదీపం దగ్గర ఊగిపోదు, బ్రేకు తొక్కితే బుద్ధిగా ఆగుతుంది. ముప్ఫై ఏళ్ళలో నేను కట్టిన ఏ బండినీ నువ్వు నడపలేకపోయావు. ఇది నీకోసం కట్టాను.

నిన్న స్టార్ట్ చేసి వాల్వులు సరిచేయబోయాను. ఇంజను నడుస్తుండగా నట్టు వదులు చేస్తే టకటకమంటుంది. మోత ఆగేదాకా మెల్లిగా బిగించి, ఆపైన అరచుట్టు తిప్పాలి. ఒకప్పుడు కళ్ళు మూసుకుని చేసేవాణ్ణి. పక్కింటి వెండెల్ కాసేపు చూసి, నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"ఒరేయ్, ఇంకా ఎంత బిగిస్తావురా! మోత ఆగి ఎంతసేపైంది!"

"ఆగిందా?" అన్నాను.

వాడు ఇంజను ఆపేసి నా మొహంలోకి చూశాడు. "నీకు వినపడట్లేదు కదూ?"

అవును నడీన్, వినపడట్లేదు. మూడేళ్ళ నుంచీ ఇంతే. ఫోనులో అయితే మాటే అందదు. నువ్వు మాట్లాడుతుంటే పెదవులు చూసి, అర్థం కాకపోతే "సరేలే" అంటూ నెట్టుకొచ్చాను. చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేవాడినని ఊళ్ళో పేరు కదా, నీతో కూడా చెప్పుకోలేనంత సిగ్గేసింది. మార్చిలో ఆ రోజు నేను బ్లాకు అరగదీస్తుంటే గరాజు గుమ్మంలో నిలబడి ఏదో అడిగావు. చర్చిలో విందుకు వెళ్తున్నావనుకుని, "నాకోసం ఆగక్కర్లేదు, వెళ్ళు" అన్నాను. సాయంత్రం నీ పెట్టె కనపడకపోయేదాకా నువ్వు ఇల్లు వదిలి వెళ్ళావని నాకు తెలియలేదు.

మిగతా వాల్వులు వెండెల్‌తో చేయించి, బండి అమ్మేద్దామనుకుంటున్నాను. ఆ రోజు ఏం అడిగావో మాత్రం రాయి.

నీ
వెర్లిన్


పడూకా,
మే 14

మొద్దు వెర్లిన్‌కి,

నీ ఉత్తరం చదివి నేను ఏడుస్తుంటే ఓపల్ హడలిపోయింది. "బావ పోయాడా ఏంటక్కా?" అంది. "లేదే, దొరికాడు" అన్నాను.

"ఈ ఇంట్లో నేనున్నా లేనట్టే ఉంది. ఉండమంటావా, ఓపల్ దగ్గరికి వెళ్ళిపోనా?" అని అడిగాను. నువ్వు తల కూడా ఎత్తకుండా ఆ మాటన్నావు. మూడేళ్ళుగా నేనేం చెప్పినా నీది ఒకటే జవాబు. కాఫీలో ఉప్పేశానన్నా సరేలే, ఒంట్లో బాగాలేదన్నా సరేలే. నా మీద మనసు విరిగిందనుకున్నాను. పోయింది నీ చెవులేనని తెలిసి నాకు సంతోషమేసింది, దేవుడు నన్ను క్షమించుగాక!

బండి అమ్మావో, నీ పని పడతాను. వాల్వులు ముట్టుకోవద్దని వెండెల్‌కి చెప్పు. ముప్ఫై ఏళ్ళు నీ ఇంజన్ల గోల వింటూనే వంట చేశాను, మోత ఎప్పుడు ఆగిందో నాకు తెలియదా? నువ్వు బిగించు, ఆగగానే నీ వీపు మీద తడతాను. శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను.

చెవుల డాక్టరు సంగతి ఆ తర్వాత చూద్దాం. ఇకమీదట నాతో "సరేలే" అనకు. వినపడకపోతే "ఏంటి?" అని అడుగు. వందసార్లు అడుగు. వందసార్లూ చెప్తాను.

నీ
నడీన్