సెన్సర్ కింద పసుపు

గంగారాం అన్నకు,

తమ్ముడు సాయిలు దండం పెట్టి రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన, లావణ్య ఎలా ఉన్నారు? యాసంగి నాట్లు మొదలైతే కాలిన మోటార్లన్నీ మన వైండింగ్ షాపుకే వస్తాయి. పని ఎంతున్నా వేళకు తిను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు ఫోన్ ఎత్తితే స్పీకర్ పెట్టి ఎల్లారెడ్డి ఊరంతటికీ వినిపిస్తావు, సాయంత్రానికి అవ్వ ఏడుస్తుంది. అందుకే ఈ కాగితం. నా గదిలో ఉండి నాతోనే పనిచేసే మాచారెడ్డి ఊరి మల్లయ్య శుక్రవారం సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికిస్తాను. అవ్వకు మాత్రం చదివి వినిపించకు.

ఈ ఎడారి దేశంలో ఎండ ఇంకా తగ్గలేదు. తిండికి లోటు లేదు. పనిలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, పళ్లెం ముందు కూర్చుంటేనే ఇల్లు గుర్తొస్తుంది. వదిన చేసే చింతకాయ తొక్కు, మల్లయ్య తిరిగొచ్చేటప్పుడు అతనితో పంపమందామనుకున్నాను. పంపాలో వద్దో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

మా ప్లాంటు నుంచి ఒక పెద్ద ఆస్పత్రికి చల్లనీళ్లు పోతాయి. అక్కడి గదులు చల్లబడేది ఆ నీళ్లతోనే. ప్రతి పంపు బేరింగ్ మీద బొత్తామంత సెన్సర్ అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది. లోపలి అదురును అది విని కంప్యూటర్‌కు చేరవేస్తుంది. కంప్యూటర్లో ఉన్న ఏఐ ఏ భాగం ఎన్ని రోజుల్లో పాడవుతుందో ముందే చెబుతుంది. మొదట్లో నేను నవ్వాను. ఎండాకాలంలో ఒక ఫ్యాన్ గురించి వారం ముందే చెప్పింది. విప్పి చూస్తే అది చెప్పినట్టే ఉంది. అప్పటినుంచి నోరు మూసుకున్నాను.

దసరాకు నువ్వు ఫోన్లో ఏమన్నావో గుర్తుందా? "తమ్మీ, మిషిన్లకు బొట్టు పెట్టుడు మర్వకు. బేరింగు మీదనే పెట్టు, మోటరు పాణం గాడనే ఉంటది" అన్నావు. ఇక్కడ మిషన్లకు ఏదీ పూయనివ్వరు. అందుకని రెండో పంపు ఆగి ఉన్నప్పుడు సెన్సర్ పైకి లేపి, కింద పసుపు మందంగా పూసి, కుంకుమ పెట్టి, సెన్సర్‌ను మళ్లీ దాని మీదే కూర్చోబెట్టాను. ఎవరికీ కనబడదు, దేవుడికి తెలుస్తుంది కదా అని మురిసిపోయాను.

మొన్న సోమవారం మొదటి పంపును మరమ్మతుకు విప్పారు. ఆస్పత్రి భారమంతా రెండోదాని మీదే. మధ్యాహ్నం దాని పక్కనుంచి పోతుంటే చెవికి ఏదో తేడా తగిలింది. నువ్వు నేర్పినట్టే స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. పిండి గిర్నీలో ఇసుక పడ్డట్టు సన్నగా గరగర.

పరుగెత్తి మా కేరళ ఇంజనీరుకు చెప్పాను. ఆయన తెర చూపించాడు. అంతా ఆకుపచ్చే. ఇది వేల మోటార్లను విని నేర్చుకుంది, నీ స్క్రూడ్రైవర్ ఎన్నిటిని విన్నది అని హిందీలో అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వెనక్కి వచ్చి మళ్లీ చెవి పెట్టాను. గరగర పెరిగింది. పక్కనే సెన్సర్ ఉంది. దాని కింద నా పసుపు ఉంది.

అప్పుడు అర్థమైందన్నా. ఎండి గట్టిపడిన పసుపు అదురును సరిగా అందనివ్వడం లేదు. సద్దు తగ్గింది కాబట్టి పంపు బాగుందనుకుంటోంది ఏఐ. దాని చెవిలో దూది పెట్టినవాణ్ని నేనే.

మల్లయ్యకు చెప్తే తల పట్టుకున్నాడు. "చెప్పినవంటే నీ పని పోతది. సెన్సర్ ముడితే ఇంటికే అని సంతకం పెట్టిచ్చుకున్నరు కద. గీ నెలనే నీ కొత్త కాంట్రాక్టు కాగితం రావాలె. సప్పుడు చెయ్యకు."

"మెల్లగ తీసి తుడ్సి పెడ్తె?"

"తిరిగే పంపు మీద తీస్తె తెరల కనబడ్తది. దొంగ లెక్క దొరుకుతవు."

ఆస్పత్రిలో అప్పుడే పుట్టిన పిల్లల గదికీ ఈ నీళ్లే పోతాయి. లావణ్య పుట్టిన రోజు కామారెడ్డి ఆస్పత్రిలో కరెంటు పోతే, నువ్వు బిడ్డకు అట్టముక్కతో విసురుతూ కూర్చున్నది గుర్తొచ్చింది. వెళ్లి ఇంజనీరుకు అంతా చెప్పేశాను.

ఆయన వెంటనే లేచాడు. వచ్చి సెన్సర్ లాగితే పసుపు పెచ్చులుగా రాలింది. గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి, ఇద్దరం తెర ముందు నిలబడ్డాం. ఆకుపచ్చ పసుపైంది. కాసేపటికి ఎర్రబడింది. ఈ బేరింగ్ రేపటిదాకా కూడా ఆగదని ఏఐ రాసింది.

ఆ తర్వాత ఎవరూ కూర్చోలేదు. మొదటి పంపును బిగించి నడిపించేసరికి సాయంత్రమైంది. రెండోదాన్ని ఆపి విప్పితే బేరింగ్ గుండ్లు పగిలి ఉన్నాయి. ఆస్పత్రికి చల్లదనం ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

ఇంజనీరు రిపోర్టులో రెండూ రాశాడు, సెన్సర్ ముట్టానని, నేనే వచ్చి ఒప్పుకున్నానని. సద్దు ఉన్నట్టుండి తగ్గితే బాగుందనుకోకుండా, సెన్సర్‌నే అనుమానించాలని ఏఐకి కొత్తగా నేర్పుతున్నారు. పదో తరగతి తప్పినవాణ్ని, కంప్యూటర్‌కు పాఠమయ్యాను చూడు.

నీ మాట వల్లే ఇదంతా జరిగిందని బాధపడకు. నువ్వు బొట్టు పెట్టమన్నావు, దాచిపెట్టమనలేదు. అయినా భయంగా ఉందన్నా. నన్ను పనిలో ఉంచుతారో ఇంటికి పంపిస్తారో గురువారం చెబుతారు.

మల్లయ్య ఒక్కడే వచ్చి ఈ కాగితం ఇస్తే నా పని పోకుండా నిలబడినట్టే, తొక్కు కట్టి పంపు. అతని పక్కన నేనూ ఉంటే దీన్ని నా చేత్తోనే ఇస్తాను. ముందు ఇది చదువు, తర్వాతే నా మొఖం చూడు.

అవ్వకు, వదినకు దండాలు. లావణ్యకు ముద్దులు. నీ చెయ్యి నా తల మీద ఉండాలి.

నీ తమ్ముడు,
సాయిలు