అట్ట చాటున ఒక్క ఓటు

నాన్నా, నేను కులాసా, హాస్టల్ తిండి ఒంటికి పడింది.

రాజనీతి శాస్త్రం మేడమ్ మా క్లాసులో అచ్చం నిజం ఎన్నికల్లాగే లీడర్ ఎన్నిక పెట్టారు. నేనూ నిలబడ్డాను. ఓటేసేది ఎవరికీ కనపడకుండా బల్ల మీద నిలబెట్టిన అట్ట చాటుకి వెళ్లాక, నాకు నేనే వేసుకుంటే ఏం బాగుంటుందని మొహమాటపడి అవతలి పిల్లకి వేశాను. ఒక్క ఓటుతో ఓడిపోయాను! "ఎవరు ఎవరికి వేశారో అడిగే హక్కు నాకు కూడా లేదు" అన్నారు మేడమ్. చూశావా నాన్నా, అంతటావిడ కూడా అట్టముక్క ఇవతలే ఆగిపోయింది!

చెల్లి దగ్గు తగ్గిందా? కళ్లజోడు విరిగింది, పాతది పంపు. నానమ్మకి దణ్ణాలు. ఈసారి ఓటు ఎవరికెయ్యాలో అమ్మకి చెప్పకు, వేసొచ్చాక అడక్కు. ఈ కార్డు అమ్మకి చదివి వినిపించేటప్పుడు ఈ ముక్క మింగెయ్యకు.

నీ పెద్దకూతురు