తిథి ముందురోజు గొట్టాల చికెన్

విజయనగరం,
బుధవారం సాయంత్రం

ప్రేమతో పిన్నికి,

నీ శైలు రాస్తున్నది. వారానికి నాలుగుసార్లు ఫోన్ చేసేది ఇప్పుడు ఉత్తరం రాసిందేమిటని కంగారు పడకు. నాకు ఒంట్లో బాగానే ఉంది, నెల్లిమర్ల స్కూల్లో పిల్లలు ఎప్పటిలాగే నా తల తింటున్నారు. ఫోన్లో అయితే నేను అసలు సంగతి ఎత్తేలోపే "అన్నం తిన్నావేటే?" అని అడ్డొస్తావు. తిన్నానంటాను. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఇదే వరస. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివేటప్పుడు నాన్నని పక్కన కూర్చోబెట్టుకోకు.

పెళ్ళి మాటకి నవీన్ ఆదివారానికల్లా జవాబు చెప్పమన్నాడు. కరెంటాఫీసు ఉద్యోగం, నెమ్మదైన మనిషి, భార్య పోయి మూడేళ్ళయింది, తొమ్మిదేళ్ళ కూతురు విశాలి. "మంచోడే, ఒప్పీసుకో" అని నువ్వే అన్నావు. మంచివాడే. నాకు ఇష్టమే. అయినా వద్దని చెప్పబోతున్నాను. ఎందుకో నీకు ఒక్కదానికే చెప్పాలి.

నిన్న సాయంత్రం స్కూలు నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. వాన పట్టుకుంది. ఎక్కడో లైను తెగిందని నవీన్ వెళ్ళిపోయాడు. పిల్ల ఆకలంటోంది. ఫ్రిజ్‌లో ఎముకల్లేని చికెన్ కొంచెం, అలమరలో పాస్తా ప్యాకెట్ ఒకటి కనిపించాయి. ఇంకేముంది, చేతులు వాటంతట అవే నీ వంటలోకి వెళ్ళిపోయాయి. ఒక పొయ్యి మీద ఉప్పేసిన నీళ్ళలో పాస్తా గొట్టాలు, రెండో దాని మీద వెన్నలో వెల్లుల్లి, గోరంత ముక్కలుగా కోసిన చికెన్. ముక్క తెల్లబడగానే చెంచాడు మైదా చల్లి, ఉండ కట్టకుండా పాలు పోసి, పైన మీగడ. అరకు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేశాను. గొట్టాలు ఉడికిన నీళ్ళు పారబోయకుండా గరిటెడు కలిపాను. చివర్లో నువ్వు వేసినట్టే చిటికెడు ఆవ నూరి వేశాను. పాస్తాలో ఆవ వేసే మనిషివి ఈ భూమ్మీద నువ్వు ఒక్కదానివే పిన్నీ. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆ మీగడ, మిరియం కలిసిన వాసన ముక్కుకి తగిలేసరికి నేను విజయనగరంలో లేను. ఎస్.కోట రైల్వే క్వార్టర్స్‌లో, వాన కారుతున్న మన వంటింట్లో, తిరగేసిన బకెట్ మీద కూర్చుని ఉన్నాను.

పదో తరగతి పరీక్షలప్పుడు నువ్వు కంచం నా పుస్తకం మీదే పెట్టేసేదానివి. లెక్కల పుస్తకంలో ఆ జిడ్డు మరక ఇప్పటికీ ఉంది. హుద్‌హుద్ అప్పుడు వారం రోజులు కరెంటు లేకపోతే, ఫ్రిజ్‌లో చికెన్ పాడైపోతుందని పాలపొడితో గంపెడు వండి క్వార్టర్స్ అందరికీ పెట్టావు. "ఈ గొట్టాలేటమ్మా, పొడుగ్గా నోట్లో దూరిపోతన్నాయి" అంటూ పాయింట్స్‌మన్ నూకయ్య మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ఆకలేస్తుంది.

విశాలి కంచం నాకేసింది. ముక్కు మీద మీగడ తుడుచుకుంటూ "రేపు కూడా ఇదే చేస్తారా ఆంటీ?" అంది.

ఇంకెవరైనా మురిసిపోయేవాళ్ళు. నేను మాత్రం లేచి వెళ్ళి గోడ మీది క్యాలెండర్‌లో ఏదైనా గుర్తు పెట్టి ఉందేమోనని వేలు పెట్టి వెతికాను. రేపు ఏం తిథి? వాళ్ళమ్మ పోయిన రోజు గానీ కాదు కదా? అంతలో నవీన్ తడిసి ముద్దై వచ్చి "ఏటి సూస్తన్నావు?" అంటే, అమావాస్య ఎప్పుడో చూస్తున్నానని అబద్ధం చెప్పాను. ఆ పసిదాన్ని అలా అనుమానించినందుకు సిగ్గేసింది. కానీ అనుమానం పోలేదు. ఎందుకంటే ఆ వయసులో నేను ఏం చేశానో నాకు తెలుసు.

నాన్నని పెళ్ళాడి నువ్వు మా ఇంటికి వచ్చిన మూడో నెల గుర్తుందా? నాకు పదేళ్ళు. అప్పటిదాకా నిన్ను ఏమనీ పిలవలేదు నేను. ఏదైనా కావాలంటే గోడకి చెప్పేదాన్ని. నువ్వు మాత్రం అరకు గెస్ట్‌హౌస్ వంటింట్లో పనిచేసినప్పుడు నేర్చుకున్న వంటలన్నీ ఒకటొకటిగా చేసి నా ముందు పెట్టేదానివి. నేను ముట్టేదాన్ని కాదు. ట్రంకుపెట్టెలో తెచ్చుకున్న గొట్టాల ప్యాకెట్లలో చివరిది ఒకటి దాచి ఉంచావు, "నీకు బుద్ధి పుట్టినపుడు అడుగు" అని.

ఆ వేళ బడి నుంచి వస్తుంటే పక్కవీధిలో ఉండే మామ్మ, నాన్న వాళ్ళమ్మ, ఆపింది. "ఒసే శైలూ, రేపు మీ అమ్మ తిథి. ఇయాల్టి నుంచే ఇంట్లో నీచు తగలకూడదు. మీ పిన్నికి సెప్పు" అంది. దారంతా ఆ మాట నోట్లో పెట్టుకుని నడిచాను. గుమ్మంలో నువ్వు కనిపించావు. నేను "పిన్నీ, ఇయాల గొట్టాల చికెన్ వొండవా?" అన్నాను.

మర్చిపోలేదు పిన్నీ. కావాలనే అడిగాను. మామ్మ సాయంత్రం తిథి సామాన్లు తెస్తుందని తెలుసు. ఆవిడ చూడాలి, నాన్న నిన్ను అరకు పంపించెయ్యాలి, ఇదీ నా పథకం. నువ్వు చీర కొంగు బిగించి, కోడి కొట్టుకి దాదాపు పరిగెత్తావు.

తర్వాతది నీకు తెలుసు. మామ్మ గుమ్మంలోనే విస్తరాకులు కింద పడేసి "సచ్చినదాని తిథికి కోడి వొండుకుని తింతన్నావేటే!" అని వీధి అంతా వినపడేలా అరిచింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి మూకుడు ఎత్తి పెరట్లో విసిరేశాడు. మామ్మ నా వైపు తిరిగి "దీనికి సెప్పనేదేటే నువ్వు?" అంది. నేను "సెప్పాను" అన్నాను. నువ్వు నన్ను ఒక్క క్షణం చూశావు. "అవునత్తా, పాప సెప్పింది. నానే మర్సిపోనాను" అన్నావు.

మామ్మ మూడేళ్ళు నీ చేతి మంచినీళ్ళు తాగలేదు. ఆ మూడేళ్ళలో ఏ రోజు చెప్పినా సరిపోయేది. చెప్పలేదు. పాప మర్చిపోయింది, తిట్లు తింటుందని నువ్వు నన్ను కాచావు. నేను మర్చిపోలేదని తెలిస్తే కాచేదానివా?

అలాంటి పిల్లనైన నేను ఇంకో తల్లి లేని పిల్ల ఇంట్లో ఏ ముఖంతో అడుగు పెట్టను? ఆ పిల్ల నవ్వినా భయపడతాను, అడిగినా భయపడతాను. నాకు నీ అంత ఓపిక లేదు. క్షమించమని అడగడం లేదు. తెలియాలని రాశాను, అంతే.

నీ
శైలు


ఎస్.కోట,
శుక్రవారం మధ్యాహ్నం

నా బంగారు శైలూకి,

పిన్ని దీవెనలు. నాది ఏడో తరగతి చదువు. నీ పిల్లల పరీక్ష కాగితం అనుకుని ఎర్ర పెన్ను తియ్యకు. పోస్టులో వేస్తే ఆదివారం దాటిపోతుందని, బస్సు కండక్టర్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. కర్రీ పాయింట్ ఈ పూట మూసేశాను. మీ నాన్న వచ్చి "ఏటయ్యింది, ఒంట్లో బాలేదా?" అని రెండుసార్లు అడిగారు. బాగానే ఉంది, ఉత్తరం రాసుకుంటున్నానంటే నాకేదో దెయ్యం పట్టినట్టు చూసి వెళ్ళారు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. నీ మీద కాదులే. ఇప్పుడు నేను రాసేది కూర్చుని చదువు.

రేపు తిథి అని ఆ రోజు నాకు తెలుసు.

పొద్దున డ్యూటీకి వెళ్తూ చెప్పులు వేసుకుంటూ మీ నాన్నే చెప్పారు. "రేపు దాని తిథి. అమ్మ వస్తాది. ఈ రెండ్రోజులు నీచు వద్దు" అన్నారు. నేను అప్పటికే పొయ్యి అలికి, పప్పు నానబెట్టాను. సాయంత్రం గొడవలో ఆయనకి ఆ సంగతే గుర్తు రాలేదు, కోపమొస్తే ఆయనకి ఏం గుర్తుంటుంది? నువ్వు చెప్పకపోవడం వల్ల నేను తప్పు చెయ్యలేదమ్మా. నువ్వు అడిగినప్పుడు వద్దనగలను. రేపు మీ అమ్మ తిథి, ఎల్లుండి వండుతాను అంటే సరిపోయేది. అనలేదు.

మూడు నెలలు గోడలతో మాట్లాడిన పిల్ల గుమ్మంలో నిలబడి పిన్నీ అంది. నా చేత్తో చేసింది తింటానంది. వద్దంటే మళ్ళీ అడుగుతుందో లేదో. అందుకే వండాను. నువ్వు కావాలనే అడిగావని ఆ రోజే అనుకున్నాను. నీ కళ్ళు ఎక్కడ దాచుకుంటావు? అయినా వండాను.

కానీ నీకోసమే వండానని రాస్తే సగం అబద్ధం. మిగతా సగం కూడా చెప్పేస్తాను. ఆ ఇంట్లో ఏ డబ్బా మూత తీసినా లోపల మీ అమ్మ చేతిరాత కాగితం ఉండేది. కందిపప్పు, మెంతులు, వడియాలు. మీ నాన్న కూరలో ఉప్పు తక్కువైతే నన్ను ఏమీ అనేవారు కాదు, ఫోటో వైపు చూసేవారు. పోయిన మనిషి మీద కుళ్ళు నాకు. ఈ ఒక్క పూట ఈ ఇల్లు ఆవిడ చెప్పినట్టు కాకుండా నేను వండినట్టు ఉండాలి అనుకున్నాను. మూకుట్లో వెన్న వేసినప్పుడు నాకు ఎంత సంతోషంగా ఉందో తెలుసా? నీకు నన్ను వెళ్ళగొట్టాలని ఉంది, నాకు ఆవిణ్ని వెళ్ళగొట్టాలని ఉంది. నీకు పదేళ్ళు. నాకు ఇరవై ఆరు. ఎవరిది పెద్ద తప్పో నువ్వే చెప్పు.

మామ్మ నా చేతి నీళ్ళు తాగకపోవడం నాకు తగిన శిక్షే అనుకున్నాను. నువ్వు దాన్ని ఇన్నాళ్ళు మోస్తున్నావని అనుకోలేదు. ఒక్కోసారి అనుమానం వచ్చేది. చెప్పేద్దామని నోటి దాకా వచ్చేది. చెబితే నువ్వు నన్ను మంచిదాన్ని అనుకోవడం మానేస్తావని భయపడ్డాను. అందుకే అన్నం తిన్నావా అని అడిగేదాన్ని. క్షమించాల్సింది నువ్వు.

నాకు ఓపిక ఉందని రాశావు. ఎక్కడుందే ఓపిక? ఎన్నిసార్లు ట్రంకుపెట్టె సర్ది అరకు రైలు టైము చూసుకున్నానో, స్టేషన్‌లో అడిగితే చెప్తారు. ఏదో రోజు పోదాంలే అనుకుంటూ ఉండిపోయాను. తీరా చూస్తే నువ్వు పదో తరగతికి వచ్చావు.

విశాలి నీలాంటిది అయితే మాత్రం ఏమిటట? నీలాంటి పిల్లని నేను పెంచాను. ఏం నష్టపోయాను? నవీన్ నచ్చకపోతే వద్దను, నేను అడ్డురాను. పిల్ల పేరు చెప్పి మాత్రం వద్దనకు. పాపం, అది నిన్ను ఏమీ చెయ్యలేదు.

నీ పిన్ని
నీలవేణి


విజయనగరం,
ఆదివారం ఉదయం

చిన్నారి విశాలికి,

నీకు ఇది మొదటి ఉత్తరం అనుకుంటాను. మీ నాన్న చదవకుండా నీ చేతికే ఇస్తున్నాను.

మీ నాన్న నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగారు. సరేనని చెప్పాలని ఉంది. ముందు నీకు చెబుతున్నాను. నీకు ఇష్టం లేకపోతే ఈ కాగితం వెనక రాసి ఇచ్చెయ్యి, కారణం రాయక్కర్లేదు. నేను నీ పేరు ఎత్తను. ఇష్టమైనా నన్ను ఏమని పిలవాలో ఇప్పుడే తేల్చక్కర్లేదు.

నిన్ను ఒకటి అడగాలి. మీ అమ్మ తిథి ఎప్పుడో నాకు తెలియదు. మీ నాన్నని అడగలేదు. అది నువ్వే నాకు చెప్పాలి. ఆ రోజు ఇంట్లో ఏం వండాలో, ఏం వండకూడదో కూడా నువ్వే చెప్పు. నేను అలాగే చేస్తాను.

నీ
శైలజ ఆంటీ


శైలజ ఆంటీకి,

విశాలి రాయునది. నాకు ఇష్టమే. నాన్నకి చెప్పెయ్యండి.

అమ్మ తిథి నాకు తెలీదు. నేనప్పుడు ఒకటో తరగతి. నాన్న ప్రతి సంవత్సరం ఒక్కడే కళింగపట్నం వెళ్ళి సముద్రం దగ్గర చేసి వస్తాడు. ఆ రోజు నన్ను పక్కింటి వాళ్ళ దగ్గర పెడతాడు. ఆఫీసు పని అని చెప్తాడు గానీ పక్కింటి వాళ్ళు నాకు చెప్పేశారు. అడిగితే ఏడుస్తాడని నేను అడగను.

మీరు పెద్దవాళ్ళు కదా, మీరు అడిగితే చెప్తాడు. ఏ రోజో కనుక్కుని నాకు చెప్పండి. ఈసారి నేను కూడా వెళ్తాను.

విశాలి
నాలుగో తరగతి